చిటికెనవేలి కింది మీట

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. ఆలోగా ఎస్టెల్ లెవాసర్ కొత్త కంప్యూటర్ మిషన్ ముందు కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా, తన పని తాను చేసి చూపించాలి. చూపించలేకపోతే సోమవారం నుంచి బేస్‌మెంట్‌లో మాన్యువళ్ళు సర్దుకునే పని. మేనేజర్ కర్టిస్ బీల్ ఈ మాట నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వుకే ఆమెకి ఎక్కువ ఒళ్ళు మండింది.

"మిమ్మల్ని పొమ్మనడం లేదు ఎస్టెల్ గారూ, మీ చెయ్యి గురించే నా బెంగ. కింద వెచ్చగా ఉంటుంది కూడా," అన్నాడు.

కింద ఎలా ఉంటుందో ఎస్టెల్‌కి అతను చెప్పక్కర్లేదు. మెరిమాక్ నది ఒడ్డున ఈ ఎర్ర ఇటుకల భవనం ఇప్పుడు ప్రోగ్రాములు రాసే ఆఫీసు, ఒకప్పుడు బట్టల మిల్లు. వాళ్ళమ్మ ఇక్కడే, ఈ మూడో అంతస్తులోనే, మగ్గాలకి పడుగు దారాలు ఎక్కించేది. వేళ్ళు మందగించాక సూపర్‌వైజర్ చేతికి చీపురిచ్చి బేస్‌మెంట్‌కి పంపేశాడు. తర్వాత ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది ఆవిడ. రోజూ వంటింట్లో కూర్చుని దుప్పటి అంచు దారాలకి ముడులేస్తూ, విప్పుతూ ఉండేది. నోటితో ఏమీ చెప్పేది కాదు. ఎస్టెల్‌కి ఇప్పుడు యాభై ఆరు, అమ్మని కిందికి పంపిన వయసు.

ఇంతకీ గొడవంతా కీబోర్డు మీద ఒక్క మీట గురించి. పేరు కంట్రోల్. దాన్నొక్కదాన్నే నొక్కితే ఏమీ జరగదు. నొక్కిపెట్టి ఇంకో అక్షరం కొడితే మాత్రం లైను చెరుగుతుంది, పేజీ జరుగుతుంది, ఫైలు సేవ్ అవుతుంది. ఎస్టెల్ ప్రోగ్రాములు రాయడానికి వాడే ఎడిటర్‌లో దాన్ని ముట్టుకోకుండా అడుగు ముందుకి పడదు, గంటకి కొన్ని వందల సార్లు నొక్కాలి. పాత టెర్మినళ్ళ మీద అది A అక్షరానికి ఆనుకుని, ఎడమచేతి చిటికెనవేలు ఊరికే వాలి ఉండే చోటే ఉండేది. పోయిన నెల దిగిన కొత్త మిషన్లలో దాన్ని కింద ఎడమ మూలకి నెట్టేశారు. ఆ మంచి చోటులో క్యాప్స్ లాక్ అని ఇంకోదాన్ని కూర్చోబెట్టారు. అది నొక్కితే అక్షరాలన్నీ పెద్దవైపోతాయి. రోజంతా పెద్దక్షరాలు కొట్టే మనిషి ఈ భూమ్మీద ఎవడున్నాడో, వాడి కోసం అంత చోటు ఎందుకివ్వాలో, ఆ పని చేసినవాణ్ణి నిలబెట్టి అడగాల్సిందే.

చెయ్యి బాగుంటే ఆమె కూడా నాలుగు తిట్లు తిట్టి అలవాటు చేసుకునేదేమో. జనవరిలో చర్చి మెట్ల మీద మంచుకి జారి పడింది. ఎడమ మణికట్టు మూడు ముక్కలైతే లోపల స్టీలు పట్టీ వేసి మరలు బిగించారు. ఎముక అతుక్కుంది, వేళ్ళు బాగానే ఆడుతున్నాయి. మణికట్టు మాత్రం ఇక వంగదు, పక్కకి తిరగదు. చెయ్యి A ఉన్న అక్షరాల వరుస మీద పెడితే చిటికెనవేలు A పక్కదాకా పోతుంది, అంతే. మూలనున్న కంట్రోల్ అందాలంటే మోచెయ్యి ఎత్తి, భుజం వంచి, చెయ్యి మొత్తాన్ని మోసుకెళ్ళి దించాలి. అలా పది సార్లు చేసేసరికి భుజం నిప్పు. పదకొండోసారి వేలు తన పాత దారినే A పక్కకి వెళ్ళిపోతుంది. అక్కడున్నది క్యాప్స్ లాక్ కాబట్టి స్క్రీన్ నిండా పెద్దక్షరాల చెత్త పడుతుంది.

రెండు రకాల కీబోర్డులూ ఒకే ధరకి దొరికేవట. ఈ సంగతి బీల్ నోటి నుంచే జారింది.

"కిందటి శరదృతువులో అందరికీ ఒక కాగితం పంపాను కదా, కంట్రోల్ ఎక్కడుండాలో టిక్ పెట్టమని. తిరిగిచ్చింది ఒక్కరే. మీ ఎదురుగా కూర్చునే ఓరిన్ గారు. మూలలో ఉండాలని టిక్ పెట్టారు."

ఓరిన్ హాస్కెల్! పదకొండేళ్ళుగా ఎదురెదురు బల్లలు. మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన పొడుగాటి మనిషి, ఆమె కన్నా రెండేళ్ళు పెద్ద. ఆ ఆఫీసులో ప్రోగ్రాములు రాయడానికి రెండు ఎడిటర్లు, అంటే రెండు మతాలు. ఓరిన్‌ది రెండోది. దాంట్లో కంట్రోల్‌తో దాదాపు పనే ఉండదు, మామూలు అక్షరాలే ఆజ్ఞలు, నిజంగా రాయాలంటే ముందు ఒక మీట నొక్కి దానికి చెప్పాలి. పదకొండేళ్ళుగా అతను కాఫీ కప్పు పట్టుకుని ఆమె బల్ల మీదికి వాలేవాడు.

"ఏం మహారాణీ, ఇంకా ఆ చిటికెనవేలితోనే కాపురమా? ఏదో ఒకరోజు అది విరిగి నీ ఒళ్ళో పడుతుంది చూడు."

"నీ ఎడిటర్‌లో ఒక అక్షరం కొట్టాలంటే ముందు దాని అనుమతి తీసుకోవాలి. నా వేలి సంగతి నీకెందుకు, ముసలి ఎలుగూ?"

ఆ టిక్ కూడా ఆ సరసంలో భాగమే. ఆమెని ఉడికించడానికి, ఒక్క క్షణం నవ్వుకోవడానికి పెట్టాడు. మిగతావాళ్ళు బద్ధకించి కాగితం చెత్తబుట్టలో వేశారు. ఎస్టెల్ అయితే "ఇలాంటి ప్రశ్న కూడా అడుగుతారా" అని చింపేసింది. చింపినందుకు ఇప్పుడు తనని తాను తిట్టుకోని రోజు లేదు. ఓరిన్‌తో మాట్లాడి మూడు వారాలైంది.

చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు ఆమె. మంగళవారం ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. క్యాప్స్ లాక్ నొక్కితే కంట్రోల్ నొక్కినట్టు, కంట్రోల్ నొక్కితే క్యాప్స్ లాక్ నొక్కినట్టు మిషన్‌ని నమ్మించేది. అరగంట పని. అయిపోగానే ప్రాణం లేచొచ్చింది. చిటికెనవేలు పాత చోట ఆనించి ఒక లైను చెరిపింది. పోయింది. తర్వాత మామూలుగా ఒక మాట కొట్టబోతే పన్నెండు లైన్లు పోయాయి.

వేలు తీసి చూసింది. మీట కిందికే ఉండిపోయింది. క్యాప్స్ లాక్ కదా, బాల్‌పెన్ మీటలా ఒకసారి నొక్కితే దిగి ఉండిపోతుంది, మళ్ళీ నొక్కితేనే లేస్తుంది. పేరు మార్చినంత మాత్రాన దాని బుద్ధి మారుతుందా? నొక్కిన ప్రతిసారీ కంట్రోల్ ఇరుక్కుపోతోంది, తర్వాత కొట్టే ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞ అయి కూర్చుంటోంది. ఆ సాయంత్రం ఆమె ఆఫీసు బాత్రూములోకెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

గురువారం భోజనాల వేళ అందరూ కిందికి వెళ్ళాక స్క్రూడ్రైవర్ తెచ్చి కీబోర్డు విప్పింది. మీట మూత పీకితే లోపల చీమకాలంత తీగ. దిగిన మీటని పట్టి ఉంచేది అదే. అది తీసేస్తే మీట అన్నిట్లాగే దిగి లేస్తుంది. సంచిలోంచి కనుబొమ్మలు పీకే చిమటా తీసింది. ఎడమచేత్తో కీబోర్డు వాలుగా పట్టుకోవాలి, ఆ చెయ్యి వాలదు. మోకాళ్ళ మధ్య ఇరికించి, ఊపిరి బిగబట్టి, తీగని పైకి లాగింది. టిక్కుమని చప్పుడైంది. తీగ రాలేదు, మీట కాడ విరిగి వచ్చింది. స్ప్రింగు ఎగిరి కిటికీ అద్దానికి తగిలి ఎక్కడో పడింది. మోకాళ్ళ మీద పాకి పాకి వెతికింది గానీ దొరకలేదు.

బీల్ ముఖం చిట్లించాడు. "కంపెనీ సామాను విప్పారా? మనిషికి ఒకటే ఎస్టెల్ గారూ, అదనంగా ఒక్కటీ లేదు. రేపు పన్నెండింటికి వస్తాను."

ఓరిన్ ఎదురుబల్ల దగ్గర తల దించుకుని కూర్చున్నాడు. ఏదో అనబోయాడు. ఆమె చూపు తిప్పేసుకుంది.

శుక్రవారం పదింపావుకి ఫోన్ మోగింది. వెస్ట్ హార్లో అనే ఊరి పంపుహౌస్ నుంచి. ఏప్రిల్ మంచు కరిగి నది పొంగింది, ఊళ్ళోకొచ్చిన నీళ్ళు తిరిగి నదిలోకి తోడే పంపులు మూడూ ఒక్కసారిగా ఆగిపోయాయి. చేత్తో ఒకటి తిప్పుతున్నాం, దానికీ దమ్ము చాలదు, నర్సింగ్ హోమ్ సెల్లార్‌లోకి నీళ్ళొస్తున్నాయి, ఏదో ఒకటి చెయ్యండి అని అవతలివాడు కేకలు పెడుతున్నాడు. ఆ పంపుల్ని నడిపే ప్రోగ్రాము పద్నాలుగేళ్ళ క్రితం రాసింది ఎస్టెల్. దాని ఆనుపానులు తెలిసిన మనిషి ఇంకొకరు లేరు.

విన్న నిమిషంలోనే ఆమెకి తెలిసిపోయింది. నది తొమ్మిది అడుగులు దాటదని అప్పట్లో అందరూ అన్నారు. తొమ్మిది దాటినట్టు కనిపిస్తే కొలత పరికరం చెడిందనుకుని పంపులు ఆపెయ్యమని తనే రాసింది. ఇవాళ నది తొమ్మిదిన్నర. ఆ తొమ్మిదిని ఏడు చోట్ల మార్చాలి, దాన్ని నమ్ముకున్న లెక్కల్ని సరిచెయ్యాలి, ఫోన్ లైను మీద అక్కడికి పంపాలి. మంచి చెయ్యి ఉన్న ఎస్టెల్‌కి ఇరవై నిమిషాల పని.

కూర్చుంది. మోచెయ్యి ఎత్తి మూలనున్న కంట్రోల్ నొక్కింది. ఎత్తింది, నొక్కింది. నాలుగోసారి వేలు A పక్కకి, విరిగిన మీట గుంటలోకి పడిపోయింది. కంట్రోల్ లేకుండా ఒట్టి అక్షరాలు పోయి ప్రోగ్రాము మధ్యలో పడ్డాయి. వాటిని తీసేయబోయి తియ్యకూడని లైను తీసేసింది. నర్సింగ్ హోమ్ సెల్లార్ కళ్ళ ముందు కనిపిస్తోంది.

బీల్ వెనకాలే నిలబడి ఉన్నాడు. నవ్వు లేదిప్పుడు. "లేవండి. ఓరిన్ గారూ, మీ మిషన్ మీద తెరవండి. ఎస్టెల్ గారు చెప్తారు, మీరు కొట్టండి."

ఓరిన్ ఆమె ఎడిటర్‌ని తన మిషన్ మీద తెరిచాడు. ఎప్పుడైనా అయితే దానికి పది జోకులు వేసేవాడు. "చెప్పు," అన్నాడు.

"ముందు... ఆ తొమ్మిదిని వెతకాలి."

"దేంతో వెతకాలి? ఏం కొట్టను?"

ఎస్టెల్ నోరు తెరిచింది. వెతకడానికి కంట్రోల్ పట్టుకుని ఏ అక్షరం? రోజుకి వందసార్లు చేసే పని, పేరు తెలియదు. చెరపడానికేది, కాపీకేది, వెనక్కి పోవడానికేది? ఏదీ తెలియదు. తెలిసింది తనకి కాదు, వేళ్ళకి. ఇరవై రెండేళ్ళలో అవి ఆమెని ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఆమె వాటిని ఎప్పుడూ ఏదీ అడగలేదు. కుడిచేతి వేళ్ళు గాల్లో ఆడుతున్నాయి. ఎడమ చిటికెనవేలు ఒళ్ళో స్వెట్టర్ అంచుని నొక్కుతోంది, వదులుతోంది. వాళ్ళమ్మ దుప్పటి అంచు ఎందుకు వదిలేది కాదో అప్పుడు అర్థమైంది ఆమెకి.

"ఎస్టెల్ గారూ, అక్కడ నీళ్ళు!" అన్నాడు బీల్.

"తెలుసు! తెలుసు... నాకు చెప్పడం రావట్లేదు."

ఓరిన్ ఆమె చిటికెనవేలి వంక చూస్తున్నాడు. చటుక్కున లేచి వరండాలోకి పరిగెత్తాడు. పారెయ్యడానికి తోపుడుబండి మీద పేర్చిన పాత సామానులోంచి దడదడమని ఏదో లాగిన చప్పుడైంది. తిరిగొచ్చేసరికి చేతిలో పాత కీబోర్డు, తోకలా వేలాడుతున్న వైరు. దాని ప్లగ్గు కొత్త మిషన్లకి పట్టదు. దేనికీ తగిలించకుండానే దాన్ని తన మిషన్ పక్కన, ఆమె ముందు పెట్టాడు.

"కొట్టు."

"ఇదెక్కడా తగిలించి లేదుగా!"

"నాకు తగిలించి ఉంది. నువ్వు కొట్టు, నేను చూసి కొడతా. నాకర్థం కానక్కర్లేదు, కనిపిస్తే చాలు. నీ చిటికెనవేలు A పక్కన పడితే కంట్రోల్. పదకొండేళ్ళుగా దాన్ని చూసి వెక్కిరించడం తప్ప నేను చేసిన పనేముంది?"

ఆమె చేతులు దాని మీద పెట్టింది. ప్రాణం లేని ప్లాస్టిక్. అయినా చిటికెనవేలు A పక్కకి జరిగి తన మీటని తాను పట్టుకుంది. ఆమె కళ్ళు ఓరిన్ స్క్రీన్ మీద, ఓరిన్ కళ్ళు ఆమె వేళ్ళ మీద. ఆమె ఉత్తుత్తిగా నొక్కుతోంది, అతను తన కీబోర్డు మీద నిజంగా నొక్కుతున్నాడు, ఆమె వేలు A పక్కన పడ్డప్పుడల్లా తన చిటికెనవేలిని మూలకి మడిచి. మొదటి తొమ్మిది దొరికింది. రెండోది దొరికింది.

"నెమ్మది, మహారాణీ. నా వేలు ఈ మూలకి పోనంటోంది."

"మూలే బాగుంటుందన్నావుగా!"

"బాగుంటుందని ఎవడన్నాడు? నువ్వు ఉడుక్కుంటావని పెట్టాను." గొంతు తగ్గించాడు. "నీ చెయ్యి ఇలా అవుతుందని తెలిస్తే ఆ పెన్ను మింగి చచ్చేవాణ్ణి, ఎస్టెల్."

ఆమె వేళ్ళు ఆపలేదు. ఐదోది, ఆరోది, ఏడోది. లెక్కలు సరిచేశారు, పంపారు. పదకొండూ ముప్పై ఐదుకి ఫోన్ మోగింది. పంపులు మూడూ తిరుగుతున్నాయి. ఎస్టెల్ కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

బీల్ గొంతు సవరించుకున్నాడు. "చాలా మంచి పని చేశారు, ఇద్దరూ. కానీ నేను అనేదీ అదే కదా. ఒకరి పనికి ఇద్దరు కావాల్సి వచ్చింది. రోజూ ఇలా నడవదు. సోమవారం సంగతి..."

"గడియారం చూడు బాబూ," అన్నాడు ఓరిన్. "పన్నెండుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. నీ మాట మీద నువ్వు నిలబడు."

స్క్రూడ్రైవర్ అందుకుని తన సొంత కీబోర్డుని బోర్లించాడు. అతనేం చేయబోతున్నాడో ఎస్టెల్‌కి అప్పుడు తట్టింది.

"ఓరిన్, అది నీది! పాడైతే ఇంకోటి లేదు."

"లేకపోతే లేదు. ఆ తీగ ఎక్కడుంది?"

"లోపల ఎడమ పక్క. పైకి లాగకు! నేను పైకి లాగే విరగ్గొట్టాను. ముందు ఆ గుంట అంచు వైపు జరుపు... ఇంకొంచెం... వదులైందా? ఇప్పుడు లాగు."

అంత పెద్ద చేతిలో ఆ చిమటా గడ్డిపరకలా ఉంది. అతని నుదుటి మీద చెమట కారుతోంది. బీల్ కూడా తెలియకుండానే వంగి చూస్తున్నాడు. తీగ బయటికొచ్చింది, చీమకాలంత, నిలువుగా, విరగకుండా. ఓరిన్ మీట మూత తగిలించి నొక్కి వదిలాడు. దిగింది, లేచింది. మళ్ళీ నొక్కాడు. దిగింది, లేచింది.

ఆ కీబోర్డుని తీసుకెళ్ళి ఎస్టెల్ మిషన్‌కి తగిలించాడు. ఆమె విరగ్గొట్టినదాన్ని చంకలో పెట్టుకున్నాడు.

"మరి నీకు?" అంది ఆమె.

"ఇందులో పనిచెయ్యనిది ఒక్క క్యాప్స్ లాకే కదా. నాకు దాంతో పనేంటి? పెద్దక్షరాల్లో నేనెవరి మీదా అరవను."

ఎస్టెల్ మంగళవారం రాసిన చిన్న ప్రోగ్రాముని లోడ్ చేసింది. పన్నెండుకి నాలుగు నిమిషాలు. బీల్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఆ తొమ్మిది అడుగులు ఎందుకు మార్చారో ఏడు చోట్లా ఒక్కో లైను రాయండి. మీరొక్కరే."

ఓరిన్ తన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని గోడ దాకా వెళ్ళి నిలబడ్డాడు. ఆమె చెయ్యి వరుస మీద పెట్టింది. మోచెయ్యి కదల్లేదు, భుజం కదల్లేదు. చిటికెనవేలు మాత్రం గోరంత దూరం పక్కకి జరిగి ఆగింది. మార్చిన మొదటి చోటు దొరికింది. లైను రాసింది. రెండోది, మూడోది. కళ్ళలో నీళ్ళు నిండి స్క్రీన్ సరిగ్గా కనిపించడం లేదు, అయినా వేళ్ళు తప్పు పోలేదు. ఏడోది రాసి సేవ్ చేసేసరికి గోడ గడియారం పన్నెండుకి ఒక నిమిషం తక్కువ చూపిస్తోంది.

బీల్ స్క్రీన్ వంక, ఆమె చేతి వంక మార్చి మార్చి చూశాడు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "సోమవారం తొమ్మిదింటికి మీటింగు," అన్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "పైనే. ఇక్కడే."

అతని అడుగుల చప్పుడు మెట్ల మీద వినిపించకుండా పోయింది. ఎస్టెల్ సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. ఇంట్లో పంది మాంసం కూరి కాల్చిన పోర్క్ పై ముక్కని సగానికి కోసి, ఒక సగం ఎదురుబల్ల మీదికి తోసింది. మూడు వారాలుగా తోయని సగం అది.

ఓరిన్ తినడం మొదలుపెట్టాడు, ఎడమ చిటికెనవేలిని కుడిచేత్తో రుద్దుకుంటూ.

"నొప్పా?" అంది.

"ఛ. ఏం లేదు."

"ఓరిన్, నిజం చెప్పు. కంట్రోల్ ఎక్కడుండాలి?"

"మూలలో," అన్నాడు, నోటి నిండా పై ముక్క పెట్టుకుని. ఆమె వంక చూడకుండా విరిగిన మీట గుంటలో కాగితం మడిచి దోపుతున్నాడు. ఎస్టెల్ నవ్వబోయింది, ఏడుపొచ్చింది. ఈసారి బాత్రూములోకి వెళ్ళలేదు. చెయ్యి కీబోర్డు మీదే పెట్టుకుని, చిటికెనవేలు A పక్కనే ఉంచుకుని, అతని ఎదుటే ఏడ్చింది.